కారు కిందికి దింపాక 60,000 కిలోమీటర్లు: నా టైర్లని తిన్నది కాంబర్ కాదు

నాలుగేళ్ల క్రితం నా హ్యాచ్‌బ్యాక్‌కి పొట్టి స్ప్రింగులు వేయించాను. ముందూ వెనకా 35 మిల్లీమీటర్లు దిగింది. టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లకి వచ్చింది. పార్క్ చేసి వెళ్తూ వెనక్కి తిరిగి చూసుకునే జబ్బు అప్పుడే పట్టుకుంది.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం, మాత్రం చేయించలేదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలి చూస్తే కారు గీత గీసినట్టు పోయింది. ఏ పక్కకీ లాగనప్పుడు ఇంకా చూడాల్సిందేముంది అనుకున్నాను.

8,000 దగ్గర ముందు వైపు నుంచి సన్నటి మూలుగు మొదలైంది. బేరింగ్ పోతోందేమో అనుకుని ఊరుకున్నాను. 14,000 దగ్గర పంక్చరై ముందు చక్రం విప్పితే విషయం బయటపడింది. బయటి వైపు గాడులు ఇంకా 5 మిల్లీమీటర్ల లోతున్నాయి. లోపలి అంచు పూర్తిగా గుండై, రెండు వేళ్ల వెడల్పున తీగలు తేలాయి. రెండో పక్క టైరూ అంతే. కారు పక్కన నిలబడి చూసేవాడికి ఆ అంచు కనపడనే కనపడదు, స్టీరింగ్ మొత్తం తిప్పి వంగి చూడాల్సిందే.

కారు దింపినవాళ్లందరూ చెప్పే కారణం కాంబర్, అంటే చక్రం తల లోపలికి వాలడం. నాకూ వాలింది. మెషిన్ మీద పెడితే కంపెనీ అమరికలో అర డిగ్రీ ఉండాల్సిన నెగటివ్ కాంబర్ ఒకటిన్నర డిగ్రీ చూపించింది. అసలు దొంగ మెషిన్ చూపించిన అంకెల్లో ఆ పక్క గడిలో ఉన్నాడు. ఒక్కో చక్రానికి 25 నిమిషాల టో అవుట్ (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). అంటే పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాలూ ఎడంగా విచ్చుకుని ఉన్నాయి. రెండు వైపులా ఒకే కొలత కాబట్టి ఒకదాని లాగుడు ఇంకోదానికి సరిపోయింది, కారు తిన్నగా పోయింది. నేను చేతులు వదిలి చేసిన పరీక్ష ఈ రోగాన్ని పట్టలేదు.

25 నిమిషాలంటే అర డిగ్రీ కూడా కాదు. కానీ లెక్క వేస్తే ప్రతి కిలోమీటరుకీ టైరుని 7 మీటర్లు పక్కకి ఈడ్చినట్టు. కాంబర్ బరువుని లోపలి అంచు మీదికి నెడుతుంది, టో ఆ అంచుని రోడ్డుకేసి రాస్తుంది. రెండూ కలిస్తే 14,000 కూడా ఎక్కువే. ఆ మూలుగు కూడా దీనిదే. టైరు మీద అరచేయి అడ్డంగా ఒక వైపుకి పోనిస్తే నున్నగా, రెండో వైపుకి పోనిస్తే రంపంలా తగిలింది.

కారు దిగితే టో ఎందుకు మారాలి? చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఒక వంపులో కదులుతుంది, స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ టై రాడ్ ఇంకో వంపులో. కంపెనీ ఇచ్చిన ఎత్తు దగ్గర ఆ రెండింటినీ కుదిర్చి పెడతారు. ఎత్తు మార్చగానే పొత్తు చెడుతుంది. నా కారులో చక్రాలు విచ్చుకున్నాయి. టై రాడ్ ఎక్కడ బిగించారన్నదాన్ని బట్టి కొన్ని కార్లలో లోపలికి ముడుచుకుంటాయి, అప్పుడు బయటి అంచు పోతుంది.

రెండో జత టైర్లకి నేను చేసింది ఒక్కటే. టో దాదాపు సున్నాకి తెప్పించాను. కాంబర్ సరిచేసే బోల్టులు కొనమన్నారు, కొనలేదు. ఒకటిన్నర డిగ్రీని అలాగే వదిలేశాను. ఆ జత 41,000 నడిచింది. తీసేటప్పుడు లోపలి అంచుకీ బయటి అంచుకీ తేడా ఒక మిల్లీమీటరు. అంటే కాంబర్ వంతు అంతే, మిగతాదంతా టోదే. మీరు కాంబర్ కూడా సరిచేయాలనుకుంటే ముందు దాన్ని ముగించి ఆ తర్వాతే టో పట్టించుకోండి. కాంబర్ కదిలిస్తే టో మళ్లీ మారిపోతుంది.

వెనక చక్రాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాది టార్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, దింపినా కోణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, టైర్లు సమంగా అరిగాయి. వెనక మల్టీలింక్, అంటే ఒక్కో చక్రాన్నీ విడిగా కొన్ని కడ్డీలు పట్టి ఉంచే అమరిక, ఉన్నవాళ్లకి ఈ అదృష్టం ఉండదు. అక్కడ కాంబర్, టో రెండూ కదులుతాయి కాబట్టి నాలుగు చక్రాల అలైన్‌మెంటే చేయించాలి, అదీ వెనక నుంచి మొదలుపెట్టి.

ఇంకో రెండు పొరపాట్లు. కొత్త స్ప్రింగులు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కారు ఇంకొంచెం కూర్చుంటుంది. అలైన్‌మెంట్ వెంటనే ఒకసారి, ఓ వెయ్యి కిలోమీటర్లయ్యాక ఇంకోసారి చూపించాలి. రెండోది బుష్‌లు, అంటే ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు ముక్కలు. స్ప్రింగులు వేసినతను లోయర్ ఆర్మ్ బోల్టులని చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించేశాడు. దాంతో కారు నేల మీదికి దిగినప్పటి నుంచీ రబ్బరు మెలిపడే ఉంది. 30,000 లోపే చిరిగింది. బుష్ వదులైతే మెషిన్ మీద ఎంత బాగా కుదిర్చినా బ్రేకు కొట్టినప్పుడు టో తన దారిన తను పోతుంది. ఆ బోల్టులు చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పడాలి.

నడక గురించి అడిగితే, మలుపుల్లో స్టీరింగ్ చురుగ్గా ఉంది, గుంతల్లో నడుం తెలుస్తుంది. మళ్లీ దింపాల్సొస్తే 35 కాదు, 25 దగ్గర ఆగుతాను. ఈ ఎత్తులో నా లోయర్ ఆర్మ్ నేలకి సమాంతరంగా వచ్చేసింది. అది దాటితే మలుపులో బాడీ వాలేకొద్దీ టైరుని రోడ్డుకి సమంగా ఆనించడానికి చక్రానికి రావాల్సిన కాంబర్ రాకుండా పోతుంది. అంటే చూపుకి రేస్ కారు, మలుపులో మామూలు కారు కంటే తక్కువ.

ఇప్పుడు మూడో జత మీద 5,000 నడిచాను. నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు తడిమి చూస్తున్నాను. ఇంతవరకూ రెండు వైపులా నున్నగానే ఉంది.