చెవితో నేర్చుకున్న ‘ఫోర్ ఆన్ సిక్స్’

అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ వాయించిన ‘ఫోర్ ఆన్ సిక్స్’ చాలాకాలంగా నా రోజువారీ సాధనలో ఉంది. 1960 జనవరిలో న్యూయార్క్‌లో రికార్డు చేసి, రివర్‌సైడ్ కంపెనీ విడుదల చేసిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్ ఆఫ్ వెస్ మాంట్‌గోమరీ’ ఆల్బమ్‌లోది ఇది. సినిమా పాటలు, కీర్తనలు బాగానే వాయించగలిగి, జాజ్‌లోకి ఎటువైపు నుంచి అడుగుపెట్టాలో తెలియనివారికి నేను మొదట చెప్పేది ఇందులో వెస్ అప్పటికప్పుడు అల్లి వాయించిన భాగం, అంటే సోలో గురించే. అయితే ఒక షరతు ఉంది. దీన్ని చెవితో విని నేర్చుకోవాలి. అచ్చులో దొరికే ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో అంకెల్లో చూపే రాత) ముందు పెట్టుకుని నేర్చుకుంటే ఇందులోని సారంలో సగం కూడా చేతికి రాదు.

ఈ షరతు నా చాదస్తం కాదు, వెస్ నేర్చుకున్న పద్ధతే అది. 1923లో ఇండియానాపోలిస్‌లో పుట్టిన ఆయనకు సంగీతలిపి చదవడం రాదు. ఇరవై ఏళ్ల వయసుకు అటూ ఇటూగా చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆ సోలోలను స్వరం పొల్లుపోకుండా నేర్చుకున్నాడు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బుల్లో వాయిద్యం. 1959లో సాక్సోఫోన్ విద్వాంసుడు క్యానన్‌బాల్ ఆడర్లీ ఆయన వాయిద్యం విని రివర్‌సైడ్ నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్‌కు చెప్పేదాకా ఆ ఊరు దాటి ఆయన పేరు పెద్దగా వినిపించలేదు. మన ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చెప్పేవాళ్లు పుస్తకం ముందు పెట్టుకుని చెప్పరు. పెద్దల నోటి నుంచి విన్నది వాళ్ల గొంతులో ఉంటుంది. ఓరుగల్లు వాళ్లకు ఈ పద్ధతి పరాయిదేమీ కాదు.

హనుమకొండ, కాజీపేటల్లో గిటారు నేర్చుకునేవారికి లోటు లేదు. ఫాతిమానగర్ చర్చిల చుట్టుపక్కల పెరిగిన పిల్లల్లో చక్కగా వాయించేవాళ్లను ఎంతోమందిని చూశాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు ఒక్కసారి విని పాట పట్టేస్తారు. కానీ జాజ్ నేర్పే గురువు నాకు ఇక్కడ దొరకలేదు. అందుకే రికార్డునే గురువుగా పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటాడు. “అన్నా, ట్యాబ్ నెట్‌లో ఉంది కదా, ఎందుకీ తిప్పలు?” అని అడిగాడు. ఏ తీగ మీద ఏ ఫ్రెట్ (గిటారు మెడ మీది గడి) నొక్కాలో ట్యాబ్ చెబుతుంది. ఆ స్వరం తాళం మీద పడిందా, తాళానికి వెంట్రుకవాసి వెనకగా పడిందా, ఏది గట్టిగా మోగింది, ఏది మింగినట్టు వినిపించింది అన్నది చెప్పదు. ఈ సోలో ప్రాణం అక్కడే ఉంది.

పాట కట్టుబడి చూద్దాం. పదహారు బార్ల (తాళం ఆవర్తనాల లాంటివి) చట్రం, జి మైనర్. అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1935 నాటి ‘సమ్మర్‌టైమ్’ దీనికి పునాది. మొదటి నాలుగు బార్లు జి మైనర్‌లో స్థిమితంగా ఉంటాయి. ఐదో బార్ నుంచి కార్డుల (కలిసి మోగే స్వరాల గుంపుల) గొలుసు మొదలవుతుంది: సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, తర్వాత బి ఫ్లాట్ మైనర్ సెవెన్, ఈ ఫ్లాట్ సెవెన్, ఆ తర్వాత ఏ మైనర్ సెవెన్, డి సెవెన్, చివరగా ఈ ఫ్లాట్ మైనర్ సెవెన్, ఏ ఫ్లాట్ సెవెన్. బార్‌కు ఒక కార్డుల జంట.

కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి అసలు పరీక్ష ఈ నాలుగు బార్లలోనే. మన చెవికి శ్రుతి స్థిరం. తంబురా మోగుతూ ఉంటుంది, షడ్జం కదలదు, ప్రతి స్వరమూ దాన్నిబట్టే అర్థమవుతుంది. ఇక్కడ ప్రతి బార్‌కూ షడ్జం చోటు మారుతుంది: బి ఫ్లాట్, ఏ ఫ్లాట్, జి, డి ఫ్లాట్. కాలికింది నేల జరిగినట్టు ఉంటుంది. నాకు పనికొచ్చిన ఉపాయం చెబుతాను. గిటారు పక్కన పెట్టి, ఒక్కో జంటకు దాని షడ్జాన్ని గొంతులో నిలిపి, వెస్ వాయించిన పదాన్ని (చిన్న స్వరగుచ్ఛాన్ని) ఆ షడ్జం మీద స్వరాలతో పాడాలి. అలా విడివిడిగా కుదిరాక నాలుగింటినీ కలిపి పాడాలి. అప్పుడు ఆయన ఒక జంటలోంచి ఇంకో జంటలోకి ఎంత దగ్గరి స్వరంతో దాటుతున్నాడో తెలిసి వస్తుంది. పెద్ద దూకుళ్లు ఉంటాయనుకున్న చోట అర మెట్టు జరుగుతాడు. నేను ఆయనకు నమస్కారం పెట్టాలనుకునేది అక్కడే.

వేగం తగ్గించుకోవడానికి ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, ఉచితంగా దొరుకుతుంది. శ్రుతి మారకుండా వేగాన్ని సగానికి తగ్గించవచ్చు. రెండేసి బార్లు కత్తిరించుకుని తిరిగి తిరిగి వినడం నా పద్ధతి. కానీ సగం వేగంలో ఎక్కువకాలం ఉండకూడదని నా అనుభవం చెబుతోంది. స్వరాలు దొరుకుతాయి గానీ నడక పోతుంది. పదం పట్టుకోగానే అసలు వేగంలో, రికార్డుతో పాటు, గిటారు లేకుండా పాడటానికి వెళ్లిపోవాలి. మెట్రోనోమ్‌ను (తాళం మోగించే పరికరాన్ని) రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద మోగేలా ఊహించుకుని సాధన చేస్తే ఈ రికార్డులో పెర్సీ హీత్ బేస్ నడక ఎందుకంత నిబ్బరంగా ఉందో అర్థమవుతుంది. డ్రమ్స్ మీద ఉన్నది ఆయన తమ్ముడు ఆల్బర్ట్. పియానో టామీ ఫ్లానగన్. గిటారు పని అయిపోయిందనుకున్నాక ఆ ముగ్గురి కోసం మళ్లీ మొదటినుంచి వినాలి.

సోలో ఒంటి స్వరాలతో మొదలై, ఆక్టేవ్‌లకు ఎక్కి, కార్డులతో శిఖరానికి చేరుతుంది. మధ్యస్థాయి స్వరాన్నీ తారస్థాయిలో ఉన్న దాని జోడునూ కలిపి మోగించడమే ఆక్టేవ్. ఆరు, నాలుగు తీగల మీదా, ఐదు, మూడు తీగల మీదా రెండు ఫ్రెట్ల ఎడం. నాలుగు, రెండు తీగల మీదా, మూడు, ఒకటి తీగల మీదా మూడు ఫ్రెట్ల ఎడం. మధ్య తీగను చూపుడు వేలి లోపలి కండతో మూసి ఉంచాలి. అందరూ ఆక్టేవ్‌లను చూసి జంకుతారు. నా లెక్కలో ఒంటి స్వరాల భాగమే ఎక్కువ కష్టం. ఆక్టేవ్‌లు చెవికి స్పష్టంగా దొరుకుతాయి, చేతికి కొన్నాళ్ల పట్టుదల చాలు. కార్డుల భాగంలో పై స్వరాన్ని ముందు పట్టుకుని, లోపలి స్వరాలను తర్వాత వెతుక్కోవడం మంచిది.

వెస్ మీటు (తీగలు మీటే పిక్) వాడలేదు, బొటనవేలితోనే మీటాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా రాత్రుళ్లు మెల్లగా వాయించడంతో ఆ అలవాటు వచ్చిందని చెబుతారు. గోడలు పలచగా ఉండే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న నాకు ఆ సంగతి ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. బొటనవేలితో మీటితే స్వరానికి గుండ్రదనం వస్తుంది, వేగం మాత్రం తగ్గుతుంది. ఆయన వేగాన్ని అందుకోవాలని వేలిని బాధపెట్టకండి. ఒంటి స్వరాలకు మీటు వాడి, ఆక్టేవ్‌లకు బొటనవేలు వాడినా పాఠం ఏమీ తగ్గదు.

ఇబ్బందులూ చెప్పాలి. నునుపు చుట్టు (ఫ్లాట్‌వౌండ్) తీగలు ఇక్కడి దుకాణాల్లో నాకు దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటున్నాను. మే నెల ఎండలకు గిటారు శ్రుతి నిలవదు, రికార్డుతో కలిపి వాయించే ముందు ప్రతిసారీ సరిచూసుకోవాలి. పియానో, గిటారు ఒకేసారి మోగే చోట లోపలి స్వరాలు మామూలు ఇయర్‌ఫోన్లలో తెలియవు. మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టిన డబ్బు దండగ కాదు. ఓపిక అన్నిటికంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఒక్కో వారం రెండు బార్లు కూడా ముందుకు సాగవు.

ఇది పూర్తిగా చేతికి వచ్చినవారు ‘స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్’ ఆల్బమ్‌లోని ‘ఫోర్ ఆన్ సిక్స్’ వినాలి. 1965లో పియానో విద్వాంసుడు వింటన్ కెల్లీ త్రయంతో వెస్ దాన్ని మళ్లీ వాయించాడు. పాట అదే, గొలుసు అదే, మనోధర్మం పూర్తిగా కొత్తది. మొదటి సోలోను గొంతులో పెట్టుకుని వింటే, ఐదేళ్ల తర్వాత ఆయన ఏ పదాన్ని వదిలేశాడో, దేన్ని పెంచాడో బార్ బార్‌కూ పోల్చి చూడవచ్చు. నేనిప్పుడు ఆ పనిలోనే ఉన్నాను.