డాలస్‌లో క్రిస్మస్ ఫుడ్ ట్రక్కుల రాత్రా, మామూలు రోజు లైట్లా: ఇంటిల్లిపాదితో వెళ్లేవాళ్లకి ఏది మేలు?

థాంక్స్‌గివింగ్ (నవంబర్ చివర్లో వచ్చే అమెరికా పండగ) అయిన మర్నాటి నుంచే డాలస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, ఈసారి క్రిస్మస్ లైట్లకి ఎటు వెళ్దాం అని. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఆ టైముకి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఉంటారు, స్కూళ్లకి సెలవులు దగ్గర పడి పిల్లలు ఒక్క చోట నిలవరు, పైగా పక్కింటివాళ్లు కూడా మేమూ వస్తామంటారు. ఇంతమందికీ సరిపోయే చోటు చూసుకోవడం మామూలు పని కాదు. మాది క్రైస్తవ కుటుంబం, డిసెంబర్ అంటే చర్చి, కారల్స్, ఇంటికొచ్చే చుట్టాలు, వీటన్నిటి మధ్యా ఒక్క సాయంత్రం మాత్రమే బయటికి దొరుకుతుంది, అందుకే ఏది మేలో కాస్త గట్టిగానే ఆలోచించాను.

ముందు డాలస్ పక్కనే ఉన్న అడిసన్‌లోని విట్రూవియన్ పార్క్ సంగతి. అక్కడ 550 చెట్లకి పైనుంచి కింది దాకా, మొదలు నుంచి చిన్న కొమ్మల దాకా, 15 లక్షలకి పైగా ఎల్‌ఈడీ దీపాలు చుడతారు. చూడ్డానికి టికెట్ లేదు, థాంక్స్‌గివింగ్ రోజుల నుంచి కొత్త సంవత్సరం దాకా ఉంటాయి. మామూలు రోజుల్లో దీపాలు, నడక, అంతే. కొన్ని శనివారాల్లో మాత్రం అదే పార్కులో ఫుడ్ ట్రక్కులు వరసగా నిలబెడతారు, పాటల కచేరీ ఉంటుంది, శాంటాతో ఫొటోలు ఉంటాయి. చోటు ఒకటే, చెట్లూ అవే, కానీ ఆ రెండు సాయంత్రాలకీ అసలు పోలికే లేదు. శనివారం రాత్రి దూరం నుంచే జనరేటర్ల మోత, పెనం మీద ఉల్లిపాయల వాసన, చిన్నపిల్లల కేకలు. మా అమ్మ ఒక్క చూపు చూసి "ఇది మన తిరనాళ్లేనే" అంది, ఆ మాటకి నేను ఇంకేం కలపక్కర్లేదు.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలామంది సాయంత్రం పాడవుతుంది. టెక్సాస్‌కి బండి మీద వంట కొత్తేమీ కాదు. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి పాత మిలిటరీ బండికి వెనక అరల పెట్టె బిగించి, మందల వెంట వెళ్లే మనుషులకి వండిపెట్టడానికి చక్‌వ్యాగన్ తయారు చేయించాడు. ఇప్పుడు మనం చూస్తున్న ఈ ట్రక్కుల జోరు మాత్రం 2008లో లాస్ ఏంజెలెస్‌లో కొరియన్ పద్ధతిలో వండిన మాంసంతో టాకోలు (చిన్న మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచే మెక్సికన్ వంట) అమ్మిన కోగి ట్రక్కు తర్వాత బాగా పెరిగింది. ఇక్కడి క్రిస్మస్ రాత్రుల్లో ఎక్కువగా కనిపించేవి బిరియా టాకోలు, బ్రిస్కెట్ (నెమ్మదిగా కాల్చిన బీఫ్), గ్రిల్డ్ చీజ్, మసాలా చల్లిన మొక్కజొన్న, ఫనెల్ కేక్ (పిండిని జిలేబీలా నూనెలో వేయించి చక్కెర చల్లేది), హాట్ చాక్లెట్.

వీటిలో చలికి నిలబడేవి కొన్నే. డిసెంబర్‌లో డాలస్‌లో చీకటి పడ్డాక 40 ఫారెన్‌హీట్ దగ్గరికి పడిపోతుంది, ఆ చలిలో కాగితం ప్లేటులో ఫ్రెంచ్ ఫ్రైలు అయిదు నిమిషాల్లో మెత్తబడి చల్లారిపోతాయి, చీజ్ గట్టిపడి రబ్బరులా సాగుతుంది. బిరియా అలా కాదు. టాకోని ఎర్రటి నూనెలో ముంచి పెనం మీద కరకరలాడే దాకా కాలుస్తారు, పక్కన చిన్న కప్పులో అదే మాంసం ఉడికిన చారు పోసిస్తారు, మీద నూనె తేలుతూ కొత్తిమీర, సన్నగా తరిగిన ఉల్లిపాయలు. ఆ కప్పు రెండు చేతుల్లో పట్టుకుంటేనే చలి సగం పోతుంది. కళ్లజోడంతా ఆవిరి పట్టేసినా మా నాన్న కప్పు దించలేదు. అసలు ఇది మెక్సికోలోని హలీస్కో రాష్ట్రంలో మేకమాంసంతో చేసే వంట, ట్రక్కుల్లో మాత్రం ఎక్కువగా బీఫ్ వాడతారు, చికెన్‌తో చేసేవాళ్లూ ఉంటారు, కాబట్టి బీఫ్ తినని ఇంట్లో ముందే అడిగి తీసుకోవాలి.

ఇక శాకాహారులు. మాతో వచ్చే పక్కింటివాళ్లు గుడ్డు కూడా ముట్టరు, వాళ్లతో వెళ్లాకే ఎన్ని చోట్ల ఆగి అడగాలో నాకు అర్థమైంది. క్రిస్మస్ రోజుల్లో టెక్సాస్‌లో తమాలేలు లేకుండా పండగ జరగదు, మొక్కజొన్న పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, లోపల బీన్స్, చీజ్ మాత్రమే ఉన్నా పిండిలో పందికొవ్వు కలపడం పాత అలవాటు. రీఫ్రైడ్ బీన్స్‌కీ (ఉడికించి మెదిపి వేయించినవి) అదే అనుమానం. మొక్కజొన్న మీద పూసే మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది, వద్దని చెప్తే వెన్న, నిమ్మరసం, కారంతో ఇస్తారు, అది బ్రహ్మాండంగా ఉంటుంది. ఫనెల్ కేక్ పిండిలోనూ గుడ్డు కలుపుతారు. ఫ్రైలు వేయించే నూనెలోనే చికెన్ కూడా వేయిస్తుండొచ్చు. అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోనిది హాట్ చాక్లెట్ మీద వేసే మార్ష్‌మెల్లో, అందులో జెలటిన్ ఉంటుంది, జెలటిన్‌ని పశువుల ఎముకల నుంచో పంది చర్మం నుంచో తీస్తారు. పిల్లల చేతిలో కప్పు పెట్టాక లాక్కుంటే ఏడుపే, ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దనాలి.

మామూలు రోజు వెళ్తే ఈ గొడవ ఏదీ లేదు. ఇంట్లో తినేసి, ఫ్లాస్కులో టీ, డబ్బాలో జంతికలు పెట్టుకుని వెళ్తాం. మంగళ, బుధవారాల్లో కారు దగ్గర్లోనే పెట్టుకోవచ్చు, వాగు ఒడ్డున నీళ్లలో దీపాలు కనిపించే చోట ఎంతసేపు నిలబడ్డా వెనకనుంచి ఎవరూ తొయ్యరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వాళ్ల నడక వాళ్లు నడుస్తారు. ఖర్చు సున్నా. ట్రక్కుల రాత్రి అయితే ఒక్కో ప్లేటు 15 డాలర్ల చుట్టుపక్కల, దాని మీద 8.25 శాతం సేల్స్ టాక్స్, ఆ తర్వాత స్క్రీన్ మన వైపు తిప్పి టిప్పు ఎంత అంటారు, ఆరుగురు కడుపు నిండా తినాలంటే వంద డాలర్లు దాటడం ఖాయం.

మరి ఇన్ని చెప్పాక మామూలు రోజే మేలు అంటానని అనుకుంటారేమో, అలా అనను. మా ఆరేళ్ల చిన్నది మామూలు రోజున అరగంట నడిచి "ఇంకేముంది మమ్మీ?" అంటుంది. దీపాలు పెద్దవాళ్లకి చాలు, పిల్లలకి చాలవు. ట్రక్కు కిటికీ కింద మునివేళ్ల మీద నిలబడి తనకి కావలసింది తనే అడగడం, పేరు పిలిచినప్పుడు పరుగెత్తడం, అన్నయ్య ప్లేట్లోంచి ఒక ముక్క తీసుకోవడం, అసలు పండగ అక్కడుంది. మా పెద్దవాడు పదకొండేళ్లవాడు, ఇంట్లో ఫోను వదలనివాడు, తాతయ్యకి మెనూ అంతా తెలుగులో చదివి వినిపించాడు, వాళ్లిద్దరూ ఒక ప్లేటు పంచుకుని తిన్నారు. ఇది మామూలు రోజు జరిగేది కాదు, నాకు ఆ ఒక్క కారణం చాలు ట్రక్కుల రాత్రి వైపు మొగ్గడానికి.

కాకపోతే మీ గుంపులో అందరికన్నా ముందు అలసిపోయేది ఎవరో చూసుకుని నిర్ణయించండి. నాలుగేళ్ల లోపు పిల్లలు, 75 దాటిన పెద్దలు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే మామూలు రోజే వెళ్లండి, రెండో ఆలోచన వద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు, నడవగలిగే తాతయ్య, నాయనమ్మ ఉంటే ట్రక్కుల రాత్రి. చంటిపిల్లలు, పెద్దపిల్లలు కలిసున్న ఇల్లయితే అందరినీ ఒకే రోజు ఈడ్చుకెళ్లకుండా తండ్రి పెద్దపిల్లల్ని తీసుకుని శనివారం వెళ్తే, మిగతావాళ్లు ఇంకో రోజు చూస్తారు, లైట్లు ఎటూ నెల రోజుల పైనే ఉంటాయి.

మిగతా చోట్ల గురించి క్లుప్తంగా. ఫ్రిస్కో స్క్వేర్‌లో దీపాలు పాటలకి తగ్గట్టు వెలుగుతాయి, అదీ ఉచితమే, కారులో కూర్చునే చూసేయొచ్చు కాబట్టి అసలు నడవలేని పెద్దవాళ్లుంటే అన్నిటికన్నా అదే మంచిది. గ్రేప్‌వైన్‌కి టెక్సాస్ క్రిస్మస్ రాజధాని అని పేరు, మెయిన్ స్ట్రీట్ చూసి తీరాల్సిందే, నార్త్ పోల్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాలంటే మాత్రం టికెట్లు చాలా ముందే కొనాలి, డిసెంబర్‌లో లేచి వెతికితే దొరకవు. వైట్ రాక్ సరస్సు ఒడ్డున 66 ఎకరాల డాలస్ ఆర్బొరేటమ్ అనే పెద్ద తోటలో పాతికడుగుల ఎత్తు గాజు మంటపాల్లో 'ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్' అనే పాత పాటలోని పన్నెండు రోజుల బొమ్మలు తిరుగుతుంటాయి, నాకు తెలిసి ఈ ఊళ్లో అంతకన్నా అందమైనది లేదు, కానీ మనిషికింత అని టికెట్, ఆరుగురికి లెక్క వేసుకోండి. ట్రక్కుల తిండి రుచి చూడ్డమే ముఖ్యమైతే డౌన్‌టౌన్‌లో క్లైడ్ వారెన్ పార్క్ ఉంది, కింద ఫ్రీవే మీద కార్లు పోతుంటే పైన కట్టిన 5.2 ఎకరాల పార్కు, 2012లో తెరిచారు, ట్రక్కులు ఏడాది పొడుగునా వస్తాయి, పగటి పూట ఎండలో కూర్చుని హాయిగా తినొచ్చు. కానీ అక్కడ మధ్యాహ్నం తిని వస్తే క్రిస్మస్ చూసినట్టుండదు.

ట్రక్కుల రాత్రికే వెళ్తున్నారనుకుందాం. తేదీలు పార్కు వాళ్ల పేజీలో చూసుకోండి, ప్రతి శనివారం ఉండవు. డిసెంబర్ మొదటి రెండు వారాల్లో వెళ్లడం మంచిది, తర్వాత జనం రెట్టింపవుతారు, మాలాంటివాళ్లకి చర్చి కార్యక్రమాలూ మొదలవుతాయి. సూర్యాస్తమయం 5:20 ప్రాంతంలో, కాబట్టి అయిదింటికల్లా అక్కడుంటే వెలుతురు ఉండగానే తినేసి, అందరూ తిండికి లైను కట్టే ఏడింటికి మనం దీపాల కింద నడుస్తుంటాం. లైను పొడుగు చూసి భయపడకండి, కిటికీలోంచి ప్లేట్లు ఎంత త్వరగా బయటికి వస్తున్నాయో రెండు నిమిషాలు గమనించండి, లోపల వండేది ఇద్దరు ముగ్గురే, నాలుగే రకాలున్న ట్రక్కు పాతిక రకాలున్న దానికన్నా ఎప్పుడూ ముందే ఇస్తుంది. అందరూ కలిసి ఒకే లైన్లో నిలబడొద్దు. ఒకరు టాకోలకి, ఒకరు మొక్కజొన్నకి, పెద్దవాళ్లు మడత కుర్చీల్లో. అవును, మడత కుర్చీలు రెండు కచ్చితంగా డిక్కీలో వేసుకోండి, కూర్చునే బల్లలు తక్కువ, చేతిలో వేడి చారు పట్టుకుని మా అమ్మ వయసువాళ్లు నిలబడి తినలేరు. ఆమెకి మాత్రం ఇంటి దగ్గరే నాలుగింటికి రెండు ముద్దలు పెరుగన్నం పెట్టి బయల్దేరదీస్తాను, అక్కడ ఏది నచ్చినా నచ్చకపోయినా టెన్షన్ ఉండదు, మాత్రలు కూడా టైముకి పడతాయి.