ఫ్రాన్స్‌లో కాంక్ వెళ్తున్నారా? గది మాత్రం ఊళ్లోనే తీసుకోండి

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. రెండు రాత్రులకి 184 యూరోలు ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం. గది వివరాల్లో కాంక్ అనే ఉంది, పైన పెద్ద చర్చి ఫొటో. తీరా టాక్సీ దిగితే ఆ ఇల్లు ఊళ్లో లేదు, నాలుగు కిలోమీటర్ల అవతల కొండ మీద ఉంది, అక్కడికి బస్సు కూడా లేదు. పొద్దున పదింటికి చేరాం. గది సాయంత్రం ఐదుకి గానీ ఇవ్వనన్నాడు యజమాని. సరే, ఆ టైము ముందే రాసి ఉంది, చూసుకోవాల్సింది మేమే. కానీ సామాను ఓ మూల పెట్టుకుంటామన్నా వినలేదు. అత్తయ్యకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, సూట్‌కేసు మీదే కూర్చుండిపోయింది.

సాయంత్రం తాళం ఇస్తూ దుప్పట్లకి మనిషికి 12 చొప్పున 36 యూరోలు, క్లీనింగ్‌కి 30 యూరోలు అడిగాడు. ఫ్రాన్స్ పల్లెల్లో దుప్పట్లకి విడిగా తీసుకోవడం మామూలేనట, ఉండొచ్చు, మరి డబ్బు కట్టించుకునే ముందు ఆ ముక్క ఎక్కడా లేదే! మొత్తం 250 యూరోలు అయ్యాయి, గదిలో నీళ్లు కాచుకోవడానికి కెటిల్ కూడా లేదు. మావారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రాత్రి డబ్బు తిరిగి రాదని తెలిసే పొద్దున్నే ఖాళీ చేసేశాం.

పారిస్ ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ నుంచి కాంక్‌కి దగ్గర్లోని పట్నం రోడెజ్‌కి రాత్రి రైలు ఉంది, అది హాయిగానే సాగింది. రోడెజ్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, టాక్సీకి 95 యూరోలు.

ఇక ఊరు. దూర్దూ అనే ఏటి పైన, కొండ వాలులో, నల్లరాతి పలకల కప్పులున్న ఇళ్లు. ఫ్రాన్స్‌లోనే ఉన్న ల్యు ప్వీ ఊరి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లే యాత్రికులు ఇక్కడ ఆగుతారు, వీధిలో వాళ్ల చేతికర్రల చప్పుడు తప్ప వేరే మోత ఉండదు. పగలు మాత్రం కార్లలో వచ్చేవాళ్లతో కాస్త సందడిగా ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే వాళ్లంతా వెళ్లిపోతారు. అసలు ఊరు అప్పుడే కనిపిస్తుంది, అందుకే రాత్రి ఉండమంటున్నాను.

చర్చికి రెండు వీధుల వెనక ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. ముగ్గురికీ కలిపి 95 యూరోలు, పొద్దున టిఫిన్ అందులోనే. రాత్రి భోజనం మనిషికి 24. అత్తయ్య మాంసం మానేసి పదేళ్లయింది, మళ్లీ బ్రెడ్డూ టమాటాయేనా అని మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. ఇంటావిడ మమ్మల్ని వంటింట్లోకే పిలిచింది. ఉడికించి మెత్తగా మెదిపిన ఆలుగడ్డలో వెల్లుల్లి, మీగడ, నిలవ పెట్టని తాజా చీజ్ ముక్కలు వేసి, పొయ్యి మీదే చెక్క గరిటెతో ఒకటే తిప్పుడు. కాసేపటికి గరిటె పైకెత్తితే ముద్ద తెగకుండా మూరెడు పొడుగు తీగ సాగింది. దీన్ని అలిగో అంటారు, ఈ ప్రాంతం వంట. మామూలుగా పక్కన సాసేజ్ పెడతారు, వద్దని ముందే చెప్పాలి. అత్తయ్య ఒక చెంచా తిని, బ్యాగులోంచి ఆవకాయ తీసి నంజుకుని, రెండోసారి వడ్డించమంది. అలా కడుపునిండా తినడం ఆ ట్రిప్పులో అదే మొదటిసారి.

భోజనం అయ్యాక సెంత్ ఫ్వా చర్చికి వెళ్లాం. రాత్రిపూట మఠం బ్రదర్ ఒకాయన ముఖద్వారం మీది శిల్పాన్ని వివరిస్తారు, ఫ్రెంచ్‌లోనే. పన్నెండో శతాబ్దపు పని, లోకం చివర్లో దేవుడు మనుషులకి తీర్పు చెప్పే దృశ్యం, బొమ్మలు 124. మాకు మాటలు అర్థం కాలేదు గానీ అత్తయ్య నా చెయ్యి పట్టి లాగింది. మావయ్యగారికి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది, ఆవిడ కన్ను ముందు తక్కెడ మీదే పడింది. దేవదూత ఒకవైపు, దెయ్యం ఒకవైపు నిలబడి ఆత్మల్ని తూస్తున్నారు. "చూడమ్మాయ్, వాడు వేలితో పళ్లెం నొక్కుతున్నాడు!" నిజమే, దెయ్యం తనవైపు మొగ్గేట్టు వేలు పెట్టి నొక్కుతున్నాడు. ఇంకోచోట పిసినారి మెడలో డబ్బుసంచితో ఉరికి వేలాడుతున్నాడు. "కొండ మీద ఇల్లున్నాయన ఇది చూడలేదు కాబోలు" అంది అత్తయ్య, కోపంగానే. మావారు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వారు.

పొద్దున మళ్లీ వెళ్లి లోపలి కిటికీలు చూడండి. రోడెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ చేసినవి, 1994లో పూర్తయ్యాయి. ఒక్క బొమ్మ లేదు, రంగు అద్దం లేదు, ఎండ మారేకొద్దీ ఆ తెల్లటి గాజే రంగు తిరుగుతుంది.

గది తీసుకునే ముందు మ్యాప్‌లో చర్చి నుంచి నడకదూరం చూడండి, దుప్పట్లు, క్లీనింగ్ ధరలో కలిసి ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. రెండు దాటితే మధ్యాహ్నం భోజనం దొరకడం కష్టం. కొట్లో అడుగుపెట్టగానే బోంజూర్ (నమస్కారం) చెప్పండి, అది చెప్పకుండా ధర అడిగితే మొహాలు ముడుచుకుంటాయి. తిరుగు టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి, రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగే బళ్లు అక్కడ ఉండవు.