ఈజేస్క్రీన్ పటం: పేదల పేటలకు ఎంతవరకు అక్కరకు వస్తుంది?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చిన ఈజేస్క్రీన్ ఒక ఉచిత ఆన్‌లైన్ పటం. ఎక్కడ కాలుష్యం ఎక్కువ, అక్కడ బతుకుతున్నది ఎవరు అన్న రెండు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు వెతకడం దీని పని.

వాడటం తేలిక. పటంలో ఒక చోట నొక్కి, చుట్టూ ఎన్ని మైళ్ల మేర చూడాలో చెబితే, సన్నని ధూళి కణాలు, డీజిల్ పొగ, ప్రమాదకర వ్యర్థాల కేంద్రాల సామీప్యం వంటి అంశాల్లో ఆ ప్రాంతం దేశం మొత్తంలో ఎక్కడ నిలుస్తుందో పర్సంటైల్ లెక్కలో నివేదిక వస్తుంది. 80 దాటితే పసుపు, 90 దాటితే నారింజ, 95 దాటితే ఎరుపు. చాలామంది పొరబడేది ఇక్కడే. 95 అంటే గాలి 95 శాతం చెడిపోయిందని కాదు, అంతకంటే ఎక్కువ భారం మోస్తున్నవారు దేశ జనాభాలో ఐదు శాతమేనని.

నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న చోట పీసీబీ అనే విష రసాయనం కలిసిన మట్టిని పూడ్చవద్దంటూ 1982లో జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు. ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు, అయినా మట్టిని అక్కడే పూడ్చారు. వాళ్ల చేతిలో ఇలాంటి పటం లేదు. ఈనాడు కర్మాగారం అనుమతిపై విచారణకు వెళ్లే పేటవాసులు ప్రభుత్వ లెక్కలనే ప్రభుత్వం ముందు పెట్టగలగడం చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే దీన్ని రుజువుగా భావించకూడదు. ఇళ్ల గోడల రంగులో సీసం (లీడ్ పెయింట్) ముప్పును చెప్పే సూచిక కోసం ఎవరూ ఏ గోడనూ గీకి పరీక్షించలేదు. 1960కి ముందు కట్టిన ఇళ్లు ఎన్ని శాతమో చూసి వేసిన అంచనా అది. ధూళి కణాల అంకె ఏడాది సగటు కాబట్టి, అర్ధరాత్రి రెండు గంటల పాటు పొగ వదిలిన గొట్టం అందులో విడిగా కనబడదు. ఆ పొగ వాసనకు లేచి కూర్చున్నవారు తేదీ, సమయం రాసుకున్న నోటుపుస్తకం ఈ నివేదిక పక్కన తప్పక ఉండాలి.

2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఈ పటాన్ని తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. పర్యావరణ సమాచారాన్ని కాపాడేందుకు జట్టుకట్టిన స్వచ్ఛంద బృందాలు దాన్ని మళ్లీ నిలబెట్టాయి, అందుకు వారికి రుణపడి ఉండాలి. అందుకే వాడేవారు నివేదికను వెంటనే భద్రపరచుకొని, అందులోని లెక్కలు ఏ సంవత్సరానివో దాని మీదే రాసిపెట్టుకోవాలి.