నాలుగేళ్లుగా మా బాబుకి కాపలా కాస్తున్న నైట్‌స్కౌట్

మా బాబుకి ఏడో ఏట టైప్ 1 షుగర్ అని తేలింది. మొదటి ఏడాదంతా రాత్రి పన్నెండింటికోసారి, మూడింటికోసారి లేచి, నిద్రలోనే వాడి వేలు పొడిచి చూసేదాన్ని. 2021లో నైట్‌స్కౌట్ పెట్టుకున్నాం. ఒంటికి అంటించుకునే సెన్సర్ కొలిచే షుగర్ అంకెల్ని ఇంటర్నెట్ ద్వారా ఇంట్లోవాళ్ల ఫోన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. మళ్లీ తీసింది లేదు.

అమెరికాలో జాన్ కాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొడుక్కి 2012లో, నాలుగేళ్ల వయసులో టైప్ 1 వచ్చింది. తను ఆఫీసులో ఉన్నా పిల్లాడి షుగర్ కనపడాలని సెన్సర్ అంకెల్ని ఇంటర్నెట్‌కి ఎక్కించాడు. నాలాంటి తల్లిదండ్రులే ఇంకొందరు తోడై, దాన్ని నైట్‌స్కౌట్‌గా మలిచి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

మా బాబు చేతికి 14 రోజుల సెన్సర్, దాని మీద అంటించిన చిన్న ట్రాన్స్‌మిటర్, వాడి ఫోన్‌లో ఆ అంకెల్ని అందుకుని నైట్‌స్కౌట్‌కి పంపే ఎక్స్‌డ్రిప్ ప్లస్ యాప్. అయిదు నిమిషాలకోసారి అంకె నా ఫోన్‌కి వస్తుంది. పక్కనే పెరుగుతోందో తగ్గుతోందో చెప్పే బాణం. కొత్త అంకె రావడం ఆగిపోతే పాత అంకె మీద అడ్డగీత పడుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గీతే. పాత 140 చూసి ధీమాగా కూర్చుంటే ఏమవుతుందో అనుభవించినవాళ్లకే అది తడుతుంది.

షుగర్ పడిపోతే మోగే అలారం సంగతీ అంతే. సియాటిల్‌లో డానా లూయిస్ అనే టైప్ 1 పేషెంట్‌కి సెన్సర్ అలారం నిద్రలో వినపడేది కాదు. గట్టిగా మోగేలా సొంతంగా చేసుకోబోయి, చివరికి ఇన్సులిన్ పంపు తనంతట తనే మోతాదు సర్దుకునే పద్ధతి తయారు చేసుకుని, 2015లో అందరికీ పంచింది. మా యాప్‌లో నచ్చిన శబ్దం పెట్టుకోవచ్చు. నేను నా గొంతే రికార్డు చేసి పెట్టాను: "లే నాన్నా, షుగర్ పడిపోతోంది." బడిలో మోగినా వాడు కంగారుపడడు.

ఇబ్బందులు లేకపోలేదు. అమర్చుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. మేము పెట్టుకున్న ఉచిత సర్వర్‌ని 2022 నవంబరులో ఎత్తేశారు. అంతా వేరే చోటికి మార్చేదాకా మూడు రాత్రులు మళ్లీ వేళ్లు పొడిచాం. రెండు వారాలకో సెన్సర్ అంటే ఖర్చు మామూలుగా ఉండదు. సెన్సరున్న చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే 52 అని చూపిస్తుంది, గ్లూకోమీటర్‌లో చూస్తే 110. అందుకే అంకె తేడాగా అనిపిస్తే వేలు పొడిచి చూడకుండా చక్కెర గానీ ఇన్సులిన్ గానీ ఇవ్వం. ఎవరు అడిగినా ఈ మాటే ముందు చెప్తాను. డాక్టర్ గారిని అడక్కుండా మాత్రం మొదలుపెట్టకండి.

పోయిన నెల స్కూలు వాళ్లు అరకు తీసుకెళ్తే, మొదటిసారి నేను లేకుండా పంపాను. ఘాట్‌రోడ్డులో సిగ్నల్ పోయి గంటన్నర ఆ అడ్డగీతే కనపడింది. నెట్ లేకపోయినా వాడి ఫోన్‌లో అలారం మోగుతుందని తెలుసు, అయినా కుర్చీలోంచి లేవలేకపోయాను. సిగ్నల్ తగలగానే 118, బాణం అడ్డంగా. మధ్యలో రాని అంకెల చుక్కలన్నీ గ్రాఫ్‌లో వరసగా వచ్చి కూర్చున్నాయి.