గంట విమానం, రోజంతా ప్రయాణం: కౌలాలంపూర్ నుంచి సింగపూర్

"కౌలాలంపూర్ నుంచి సింగపూర్ గంటే కదా అత్తయ్యా" అని టికెట్లు తీసింది నేనే. అందుకే ఆవిడ కోపమంతా ఇప్పటికీ నా మీదే.

లెక్కలో తప్పులేదు. గాల్లో దూరం సుమారు 300 కిలోమీటర్లు, మనకి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినట్టే. టికెట్ మీద గంటా పది నిమిషాలని ఉంది. నేను వాచీ చూసుకుంటే గాల్లో ఉన్నది 46 నిమిషాలు. రెండు ఊళ్లకీ టైము కూడా ఒకటే. కాకపోతే విమానాశ్రయం ఊళ్లో లేదు, అక్కడెక్కడో సెపాంగ్‌లో ఉంది. ఊళ్లో పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలుకి మనిషికి 55 రింగిట్లు (మలేషియా డబ్బు), ముగ్గురికి 165. అరగంటలో దింపేశారు, దానికి వంక పెట్టను.

దెబ్బ పడింది గేటు దగ్గర. టికెట్ 139 రింగిట్లే అని మురిసిపోయాను గానీ, చేతి సామాను ఏడు కిలోలు దాటకూడదన్న సంగతి ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పలేదు. అత్తగారి సంచీ కాటా మీద పెడితే 9.2. లోపల ఇత్తడి సుబ్రహ్మణ్యస్వామి. కౌలాలంపూర్ దగ్గర మురుగన్ గుహాలయం బటూ కేవ్స్‌లో 272 మెట్లూ మోకాళ్లు పట్టుకుని ఎక్కి, దిగొచ్చాక 120 రింగిట్లకి కొన్నారు. "స్వామిని ఒళ్లో పెట్టుకుంటాను, సంచీ ఒక్కటే తూచమను" అన్నారు. నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. గేటు దగ్గరి అమ్మాయి నవ్వనైనా నవ్వలేదు. "చేతిలో ఉన్నా లెక్కే సార్" అని కార్డు మెషిన్ ముందుకి తోసింది. 190 రింగిట్లు! టికెట్ కంటే ఎక్కువ. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ 46 నిమిషాలూ మాట లేదు.

పొద్దున తొమ్మిదికి కౌలాలంపూర్‌లో హోటల్ వదిలితే, సింగపూర్ లిటిల్ ఇండియాలో గది తలుపు తీసేసరికి సాయంత్రం 4:40.

సింగపూర్‌లో మూడు రోజులూ హాయిగా గడిచాయి.

తిరుగు ప్రయాణం మాత్రం బస్సులోనే అని మా ఆవిడ తేల్చేసింది. బీచ్ రోడ్డులో మంగళవారం ఎనిమిదింటికి ఎక్కాం, మనిషికి 32 సింగపూర్ డాలర్లు. సింగపూర్ సరిహద్దు వుడ్‌ల్యాండ్స్‌లో ఒకసారి, కిలోమీటరు వంతెన దాటాక మలేషియా వైపు జొహోర్ బారులో సామానంతా దింపుకుని ఇంకోసారి పాస్‌పోర్టు చూపించాలి. చిరాకే, కానీ ఎవరూ ఏమీ తూచలేదు. ఆపైన మన ఏలూరు వైపు ఉన్నట్టే దారి పొడుగునా పామాయిల్ తోటలు. మచప్ దగ్గర ఆపితే రెండున్నర రింగిట్లకి నురగలు కక్కే తే తారిక్, అంటే అక్కడి పాల టీ. అత్తగారు రెండు గ్లాసులు తాగి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడారు. 2:20కి కౌలాలంపూర్.

ఒంటరిగా, వీపు సంచీతో వెళ్లేవాళ్లు విమానం ఎక్కండి. పెద్దవాళ్లుంటే బస్సే, అదీ శుక్రవారం సాయంత్రం వద్దు, వంతెన మీద ఇరుక్కుపోతారు. రెండు దేశాల ఎరైవల్ కార్డులూ (దేశంలోకి వచ్చే ముందు నింపాల్సిన ఫారాలు) ఆన్‌లైన్‌లో ఉచితమే, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి. మలేషియా కార్డు తిరిగొచ్చేటప్పుడు మళ్లీ నింపాలి. మేము అది మర్చిపోయి బస్సులో కూర్చుని ఫోన్‌లో కుస్తీ పట్టాం.

స్వామి ఇప్పుడు తెనాలిలో అత్తగారి పూజగదిలో ఉన్నాడు. ఎంతకు కొన్నారని ఎవరైనా అడిగితే ఆవిడ 310 రింగిట్లని చెబుతున్నారు, నా వైపు చూస్తూ.