సూపర్‌వైజర్ల నాయకత్వ శిక్షణ: మొదటి రోజు తేలిక, రెండో రోజు బరువు

షిఫ్ట్ ఇన్‌చార్జులకు, సూపర్‌వైజర్లకు నాయకత్వం నేర్పుతామంటూ హైదరాబాదులో ఒక సంస్థ నడుపుతున్న రెండు రోజుల శిక్షణకు మా మందుల కర్మాగారం కొందరిని పంపింది. వారిలో నేనూ ఉన్నాను. హాలు, భోజనం, సమయపాలన విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

మొదటి రోజు పాఠం మాత్రం నిరాశపరిచింది. మేనేజరు ఆజ్ఞాపిస్తాడు, లీడరు స్ఫూర్తినిస్తాడు అనే ధోరణిలో తెరపై ఒకదాని వెంట ఒకటి వచ్చిన పోలికలన్నీ నిర్వహణను చిన్నచూపు చూసేవే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు జాన్ కాటర్ 1990లో చేసిన విభజనను శిక్షకుడు ప్రస్తావించారు గానీ, సంక్లిష్టతను అదుపులో ఉంచే నిర్వహణ, మార్పును ఎదుర్కొనే నాయకత్వం రెండూ సంస్థకు అవసరమేనని కాటర్ చెప్పిన సంగతిని వదిలేశారు. అసలు కీలకం అదే కదా!

శ్రీహరికోట ఉదాహరణకూ అదే గతి పట్టింది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహాలను మోసుకెళ్లే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైనప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ బాధ్యతను తన మీద వేసుకుని విలేకరుల ముందుకు వెళ్లారనీ, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక ప్రాజెక్టు డైరెక్టర్ కలాంనే మాట్లాడమన్నారనీ కలాం పలుమార్లు చెప్పారు. హాలు చప్పట్లతో మారుమోగింది. అయితే ఆ రెండు తేదీల మధ్య లోపం ఎక్కడుందో వెతికి, సరిదిద్ది, మళ్లీ పరీక్షించిన నెలల తరబడి పని గురించి ఒక్క మాటైనా రాలేదు. అది లేకుండా రెండో విలేకరుల సమావేశం ఎక్కడిది?

రెండో రోజు మధ్యాహ్నం చేయించిన అభ్యాసం ఈ లోటును చాలావరకు పూడ్చింది. రాత్రి షిఫ్టులో మాత్రల బరువు చూడడం ఒకసారి మరిచిపోయిన ఆపరేటరు, తెల్లవారుజామున రికార్డులో ఊహించి ఒక అంకె వేశాడు. సూపర్‌వైజరు అడిగితే ఒప్పుకున్నాడు. ఇప్పుడేం చేయాలి? మాలో ఎక్కువమంది మెమో ఇవ్వాలన్నారు. “మెమో ఇస్తే రేపు మీకు నిజం చెప్పేదెవరండీ?” అని శిక్షకురాలు అడిగేసరికి చర్చ దారి మారింది. ఆ మాత్రలను పక్కన పెట్టడం, నాణ్యతా విభాగానికి తెలపడం, డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పిన సంగతి) నమోదు చేయడం తప్పనిసరి, వీటిలో మొహమాటానికి తావులేదని ఆమె ముందే తేల్చేశారు. ఆ తర్వాత బరువు చూడడం ఎందుకు తప్పిపోయిందో ఆరా తీయించగా, ఒకే మనిషి రెండు యంత్రాలు చూస్తున్నాడని అభ్యాస పత్రంలోనే బయటపడింది. ఆ ఏర్పాటు మార్చమని పైఅధికారుల దగ్గర పట్టుబట్టే పాత్ర నాకు వచ్చింది. ఆపరేటరును మందలించడం కన్నా అది ఎంత కష్టమో ఆ పావుగంటలో బాగా తెలిసివచ్చింది. ఒకే షిఫ్టులో ఒకే మనిషి చేయాల్సిన రెండు పనులుగా నిర్వహణను, నాయకత్వాన్ని చూపించింది ఈ అభ్యాసం ఒక్కటే.

కొత్తగా సూపర్‌వైజరు అయినవారికి ఈ శిక్షణ ఉపయోగపడుతుంది. అనుభవజ్ఞులకు రెండో రోజు ఒక్కటే చాలు. విడిగా ఒక రోజుకు చేర్చుకుంటారేమో ముందుగా అడగడం మంచిది. అభ్యాస పత్రాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి కనుక, కింది స్థాయి నుంచి ఎదిగినవారిని పంపే సంస్థలు తెలుగు ప్రతులు కావాలని పట్టుబట్టాలి.